పాపను పంపవద్దు

బొబ్బిలి,
కనుమ మర్నాడు.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం భోగి నాడు చేరింది. వారానికోసారి ఫోనులో మాట్లాడుకునేవాళ్లకు ఉత్తరాలెందుకని మా ఆవిడ అడిగింది. పాపను అక్కడి నుంచి ఇక్కడి హాస్టల్‌కు పంపాలా అని నువ్వు అడిగిన సంగతి ఫోనులో అడగగలిగేది కాదు. నా జవాబు కూడా అంతే.

ముందు మీ అమ్మగారి గురించి. బాగున్నారు. మోకాళ్ల నొప్పులున్నా ఆదివారం ప్రార్థన మానలేదు. పండుగకు మా అరిసెలు పట్టుకెళితే, క్రిస్మస్‌కు చేసి నా కోసం దాచిన కజ్జికాయల డబ్బా చేతిలో పెట్టారు. "పెద్దది వేసవికి వచ్చేస్తుందట కదా" అంటూ కిటికీ పక్కన వేయించిన చిన్న మంచం చూపించారు. అందుకే ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది.

ఆఫ్రికాలో, మలావీలోని మీ ఆసుపత్రిలో గడిచిన ఆ రాత్రి గురించి నువ్వు రాసిన పేజీ మూడుసార్లు చదివాను. వానలో సైకిలు టాక్సీ వెనుక మూడేళ్ల బిడ్డను వీపుకు కట్టుకుని వచ్చిన తల్లి. నీ మైక్రోస్కోపు కింద స్లైడు నిండా మలేరియా క్రిములు. ఆ బిడ్డకు హిమోగ్లోబిన్ నాలుగు. సరిపడే రక్తం నిల్వ లేకపోతే నువ్వే చెయ్యి చాపి పడుకున్నావు. తెల్లవారేసరికి బిడ్డ మంచినీళ్లు అడిగిందన్న వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఏప్రిల్ దాకా అక్కడ వానలేనట కదా. మంచానికి ఇద్దరేసి పిల్లలున్న వార్డులో చెల్లెమ్మ ఎలా నెట్టుకొస్తోందో!

మీరు బయలుదేరిన రోజు స్టేషనులో నేనన్న మాట గుర్తుందా? "మన దగ్గర రోగులు లేరా? సాలూరు కొండల్లో జ్వరాలు లేవా?" అన్నాను. ఆ ప్రశ్న తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంటున్నప్పుడు అడగడం తప్పు. క్షమించు. తర్వాత మన ఊరికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు చర్చిల్ దంపతులు కెనడాలోని నోవా స్కోషియా నుంచి బయలుదేరినప్పుడు వాళ్లనూ ఎవరో ఒకరు ఇలాగే అడిగి ఉంటారు. ఆ దంపతుల్లో మటిల్డాగారు ఇక్కడ ఆడపిల్లలకు బడి పెట్టిన రోజుల్లో, ఆడపిల్లకు పలక కొనిచ్చే ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉండేవి?

ఇక పాప సంగతి. తొమ్మిదేళ్లు నిండుతున్నాయి, విజయనగరంలో హాస్టల్లో చేర్చమంటావా అని అడిగావు. వద్దు. పంపవద్దు.

ఇరవై ఏళ్లుగా బడిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. అంతకంటే ముందు, తొమ్మిదో ఏట హాస్టల్లో పడినవాడిగా చెబుతున్నాను. అన్నం బాగానే పెట్టేవారు, చదువూ బాగానే వచ్చింది. కానీ నాన్న రాసిన కార్డును పరుపు కింద దాచుకుని, రాత్రిపూట చేత్తో తడుముకోవడం నాకింకా గుర్తుంది. తరువాత ఇంటికి వెళ్లినప్పుడల్లా చుట్టంలాగే వెళ్లాను.

పాల్ బ్రాండ్ పేరు నీకు తెలుసు. వెల్లూరులో కుష్ఠు రోగుల వంకర తిరిగిన వేళ్లకు శస్త్రచికిత్స చేసి, మళ్లీ పనిచేసే చేతులు ఇచ్చిన డాక్టరు. ఆయన తల్లిదండ్రులు జెస్సీ, ఎవెలిన్. ఇద్దరూ తమిళనాడులోని కొల్లిమలై కొండల్లో మలేరియా మధ్యనే ఉండి వైద్యం చేశారు, బడులు పెట్టారు. 1923లో పాల్‌ను, చెల్లెలు కాన్నీని ఇంగ్లండులో బంధువుల ఇంట్లో చదువుకు వదిలి కొండలకు తిరిగివచ్చారు. అప్పుడు ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు, మన పాప వయసు. మళ్లీ తండ్రిని చూడనేలేదు. 1929లో జెస్సీ మలేరియా వికటించి వచ్చే బ్లాక్‌వాటర్ జ్వరంతో చనిపోయాడు. కబురు తంతిలో ముందే చేరింది. ఆయన బతికుండగా రాసిన ఉత్తరాలు మాత్రం ఓడల్లో వారాల తరబడి వస్తూనే ఉన్నాయట. తండ్రి లేడని తెలిసి తండ్రి ఉత్తరం విప్పే పిల్లవాణ్ణి తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

ఆ దంపతులను తప్పుపట్టడం లేదు. భర్త పోయాక కూడా ఎవెలిన్ ఆ కొండలకే వెళ్లి, 95 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఈ దేశంలోనే ఉంది. ఆమె మీద మాటనడానికి నేనెవరిని? వాళ్లకు వేరే దారి కనిపించలేదు. నీకు ఉంది. మీ ఆసుపత్రికి గంట దూరంలో మంచి బడి ఉందని నువ్వే రాశావు. మలేరియా భయం అంటావా, దోమ పొట్టలో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులోనే, 1897లో. నూట పాతికేళ్లు దాటింది. దోమతెర ఉంది, మందులున్నాయి. జ్వరం వచ్చిన రోజే స్లైడు చూడగలిగిన తండ్రి ఉన్నాడు. పసిపిల్లలకు మామూలు టీకాలతోపాటు మలేరియా టీకా వేయడం 2019లో మొదట మొదలుపెట్టింది మీరున్న మలావీలోనే కదా. చిన్నవాడికి అది వేయించానని రాశావు, సంతోషం. పాపకు ఆ వయసు దాటిపోయింది కాబట్టి దోమతెర విషయంలో ఒక్క రాత్రి కూడా అశ్రద్ధ చేయకు.

దానికి తెలుగు రాకుండా పోతుందన్న నీ దిగులు నాకు వదిలెయ్. ప్రతి శనివారం ఇక్కడ రాత్రి ఏడున్నరకు, మీకు సాయంత్రం నాలుగవుతుంది, ఫోనులో నేను చెబుతాను. గుణింతాల పుస్తకం, రెండు పలకలు ఈ వారమే పంపుతున్నాను.

రెండు రోజుల తర్వాత:

ఇది పోస్టు చేసేలోగా అమ్మగారితో మాట్లాడాను. నీకంటే ముందు ఆవిడకు చెప్పకపోతే నాకు తప్పుగా తోచింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ చిన్న మంచం మీద దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచారు. "మీరే వెళ్లి మూడు నెలలు ఉండి రండమ్మా, పాస్‌పోర్టు పని నేను చూస్తాను" అన్నాను. అక్కడ ఏం తింటారని అడిగారు. మొక్కజొన్న పిండిని సంకటిలా వండుతారట, ఎన్సీమా అంటారట, మన నెత్తళ్లలాంటి ఎండు చేపలూ దొరుకుతాయట అని చెప్పాను.

కాసేపాగి, విమానంలో ఆవకాయ జాడీ ఎంత పెద్దది తీసుకెళ్లనిస్తారని అడిగారు.

నీ
బొబ్బిలి నేస్తం