ఫెర్రెట్టా, పిల్లా?

తెనాలి,
ఆదివారం

చి.ల.సౌ. స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. మామిడికాయ రేటు ఇంకా దిగలేదని ఈసారి ఆవకాయ ఐదు కేజీలకే పెడతానంటోంది. మీకు పంపే సీసా మాత్రం అందులో లెక్క ఉంది. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. పనుల్లో ఉంటావని తెలుసు. అది అడగడానికి రాయడం లేదు.

విక్కీ నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "తాతయ్యా, నువ్వు యానిమల్ డాక్టరువి కదా, ఫెర్రెట్ మంచిదా, క్యాట్ మంచిదా? అమ్మ క్యాట్ అంటోంది. నువ్వు ఫెర్రెట్ అని చెప్పు" అన్నాడు. వాడి గొంతు కోసం నాలుగుసార్లు విన్నాను. చివర్లో "నాన్న ఇప్పుడు రోజూ ఇంట్లోనే ఉంటున్నాడు, పొద్దున్నే నాకు దోసెలేస్తున్నాడు" అన్నాడు. సంతోషం. అల్లుడు గారికి దోసెలు వేయడం వచ్చని నాకు తెలియదు. ఇంటి నుంచే పని చేయమన్నారేమో అనుకున్నాను.

వాడు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పాలి. ముప్పై అయిదేళ్లు గేదెలకీ కోళ్లకీ వైద్యం చేశానే గానీ ఫెర్రెట్‌ని చేత్తో పట్టుకోలేదు. అందుకని వారం రోజులు కూర్చుని చదివాను. మీ అమ్మ అది ముంగిసే కదండీ అంటోంది. చూడటానికి అలాగే ఉంటుంది గానీ వంశం వేరు. ముంగిస పిల్లి వైపు చుట్టం, ఫెర్రెట్ నీటికుక్క వైపు చుట్టం. యూరప్‌లో పోల్‌క్యాట్ అనే అడవి జంతువును రెండు వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసి, కుందేళ్ల బొరియల్లోకి తోలడానికి పెంచారు. బొరియ కనిపిస్తే దూరడం దాని పుట్టుకలోనే ఉంది. మీ హాల్లో ఆ రిక్లైనర్ కుర్చీ ఉంది చూడు, మీ అమ్మ వచ్చినప్పుడు కూర్చునేది, దాని లోపలికి దూరి పడుకుంటుంది. ఎవరో చూసుకోకుండా కాళ్లు చాపుతారు, లోపల నలిగిపోతుంది. అలా చచ్చిపోయేవి చాలానే ఉంటాయట. రబ్బరు కనిపిస్తే కొరికి మింగుతుంది, పేగుకి అడ్డం పడుతుంది. పాప పాలపీకలు మీ ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కదా.

ముంగిస అనేసరికి మా నాయన పెంచిన బుల్లోడు గుర్తొచ్చాడు. నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1968. నాకు తొమ్మిదేళ్లు. కోతలప్పుడు పొలంలో ఎలుకలు పట్టడానికి వచ్చిన యానాది తాత ఒకాయన గోచీ మడతలో ఒక ముంగిస పిల్లను పెట్టుకొచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది, కళ్లు అప్పుడే తెరిచింది. నాయన దానికి రెండు శేర్ల వడ్లు కొలిచి ఇచ్చాడు. మా అమ్మ వారం రోజులు నాయనతో మాట్లాడలేదు. మేక పాలలో దూది ముంచి నోటికి పెట్టేవాణ్ణి. నెల తిరిగేసరికి నా చొక్కా లోపల దూరి పడుకునేది. బడికి వెళుతుంటే చెరువు గట్టు దాకా వెంట వచ్చి, అక్కడ వెనక కాళ్ల మీద నిలబడి చూసి, వెనక్కి పోయేది. గుడ్డు ఇస్తే ఎలా తినేదనుకున్నావు? గోడకి వీపు పెట్టి నిలబడి, ముందు కాళ్లతో గుడ్డు పట్టుకుని, వెనక కాళ్ల మధ్య నుంచి గోడకేసి కొట్టేది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. పగిలాక ఒక్క చుక్క నేల మీద మిగలనిచ్చేది కాదు. ఊళ్లో పిల్లలంతా ఆ తమాషా చూడటానికి వచ్చేవాళ్లు, నేను గుడ్లు దొంగతనం చేసేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి మా నాయనమ్మ కోడిపిల్లలు ఒక్కటీ మిగల్లేదు. అయినా నాయన ఒక్క మాట అనలేదు. అప్పటికి మీ చిన్నాన్న ఉయ్యాల్లో పిల్లాడు. ఓ మధ్యాహ్నం అమ్మ వాడికి పాలు పట్టి, మూతి తుడవకుండానే ఉయ్యాల్లో వేసి, పెరట్లోకి వెళ్లింది. బుల్లోడు పాల వాసనకే వెళ్లిందో, ఆటకే వెళ్లిందో తెలియదు. కేక విని పరిగెత్తాం. మీ చిన్నాన్న పెదవి దగ్గర గాటు ఇప్పటికీ ఉంది, చిన్నప్పుడు జామచెట్టు మీద నుంచి పడ్డానని నీకు చెప్పాడు. అది నిజం కాదు. నాయన పరువు కోసం అలా చెప్పుకున్నాం.

ఆ సాయంత్రమే నాయన దాన్ని బుట్టలో పెట్టి పాటిమీద వదిలొచ్చాడు. మర్నాడు పొద్దు గుంకే వేళ అది బావి గట్టు దగ్గరికి వచ్చి రెండు కాళ్ల మీద నిలబడింది. నేను గుడ్డు తీసుకుని వెళ్లబోతే నాయన నా భుజం పట్టుకున్నాడు. "పెడితే మళ్లీ వస్తుంది, అలవాటు మానాలి" అన్నాడు. అంటూనే కండువాతో మొహం తుడుచుకున్నాడు. రెండో రోజూ వచ్చింది. మూడో రోజు రాలేదు. నేను బావి దగ్గర చీకటి పడేదాకా కూర్చున్నాను. తరవాత తిరుపతిలో వెటర్నరీ కాలేజీలో చేరినప్పుడు, ఎందుకీ చదువని ఎవరు అడిగినా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి గానీ, ఇది చెప్పలేదు. (ఇప్పుడైతే ముంగిసను పెంచడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఎవరూ పెట్టుకోకూడదు.)

ఇదంతా ఎందుకు రాశానంటే, పాపకి ఇంకా పద్నాలుగు నెలలే. ఫెర్రెట్ ముంగిస కాదు, తరతరాలుగా మనిషి దగ్గర పెరిగింది, చాలావరకు సాధువే. కానీ అది ఆటలో కూడా కొరుకుతుంది, దాని చర్మం మందం, మన చర్మం అంత కాదు. పసిపిల్లలున్న ఇంట్లో ఒక్క నిమిషం కూడా దాన్నీ పాపనీ ఒక గదిలో వదలకూడదు. రోజుకి పద్నాలుగు గంటల పైనే నిద్రపోతుంది గానీ, లేచిందంటే కనీసం నాలుగు గంటలు బోను బయట తిరగాలి, తిరిగినంతసేపూ ఒక మనిషి వెంట ఉండాలి. ఆ మనిషివి నువ్వే అవుతావు. విక్కీ పది రోజులు చూస్తాడు.

వాసన సంగతి కూడా తెలుసుకో. మీ దగ్గర చాలావరకు అమ్మేముందే తోక కింద గ్రంథులు తీసేస్తారు, అయినా చర్మంలో నూనె ఉంటుంది కాబట్టి ఒళ్లంతా ఒక రకం వాసన పోదు. పోతుందని మాటిమాటికీ స్నానం చేయిస్తే నూనె ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఎండకి తట్టుకోదు, ఇరవై ఏడు డిగ్రీలు దాటితే వడదెబ్బ. మీ డాలస్ ఎండలు నేను చూశాను కదా, ఏసీ ఒక్క పూట ఆగితే దాని ప్రాణం మీదికొస్తుంది. కుక్కలకొచ్చే డిస్టెంపర్ దీనికి సోకితే దాదాపు బతకదు. ఆ జబ్బుతో దవడలు టకటక కొట్టుకుంటూ పోయిన కుక్కపిల్లల్ని నేను చేతుల మీద చూశాను. టీకా తప్పకూడదు. మన ఫ్లూ జలుబు కూడా దానికి అంటుకుంటుంది. 1933లో లండన్‌లో మనుషుల ఫ్లూ వైరస్‌ని కనిపెట్టింది ఫెర్రెట్లకి ఎక్కించే. తరవాత ఒక ఫెర్రెట్ మొహం మీద తుమ్మితే పరిశోధకుడికే ఫ్లూ వచ్చింది. విక్కీ స్కూల్ నుంచి నెలకో జలుబు తెస్తాడు.

ఇంకొకటి. అదే 1933 నుంచి కాలిఫోర్నియాలో ఫెర్రెట్‌ని పెంచడం నిషేధం. మీ టెక్సాస్‌లో ఫర్వాలేదు. కాలిఫోర్నియాకి తీసుకుని వెళ్లడానికి మాత్రం వీల్లేదు.

రాజేశ్వరి పిన్ని వియ్యంకుడు మొన్న మార్కెట్లో కనిపించి, "మీ అల్లుడు కాలిఫోర్నియా మారుతున్నాడటగా, ఇక్కడ కంపెనీలో చాలామందిని తీసేశారంట" అన్నాడు. నేను ఏమీ తెలియనట్టు నవ్వి వచ్చేశాను. నిజంగానే ఏమీ తెలియదు. మీ అమ్మకి చెప్పలేదు. ఉద్యోగం పోతే హెచ్1బీ వీసా వాళ్లకి అరవై రోజులే గడువని నాకు తెలుసమ్మా, మన వీధిలో ముగ్గురి పిల్లలు అక్కడే ఉన్నారు. అందులో ఎన్ని రోజులు అయిపోయాయో నాకు చెబితే నీకు బరువు తగ్గుతుంది గానీ పెరగదు.

ఫెర్రెట్ ఆరేడేళ్లు బతుకుతుంది, నాలుగో ఏడు నుంచి అడ్రినల్ గ్రంథి జబ్బు, ప్యాంక్రియాస్‌లో గడ్డలు మామూలు. పిల్లి పదిహేనేళ్లు. ఏది తెచ్చినా అన్నేళ్లూ మీరు ఎక్కడుంటే అదీ అక్కడుండాలి. రేపు ఇండియా వచ్చేయాలన్నా పిల్లిని కాగితాలు పెట్టుకుని తెచ్చుకోవచ్చు, దానికి పద్ధతి ఉంది. ఫెర్రెట్‌ని తీసుకురావడం కుదరదు. అప్పుడు విక్కీకి ఏం చెబుతావు? బావి గట్టు దగ్గర ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కాబట్టి నా ఓటు పిల్లికే, వాడికి కోపమొచ్చినా సరే. చిన్న పిల్లి వద్దు. షెల్టర్‌లో రెండు మూడేళ్ల పిల్లిని తెచ్చుకో, దాని గుణం అప్పటికే తెలుస్తుంది, పిల్లలతో అలవాటున్న దాన్ని అడుగు. పెరుగన్నం పెట్టకు, మన సుబ్బికి పెట్టేవాళ్లం గానీ పిల్లికి మాంసం ఉండాలి. పోపులో వెల్లుల్లి, ఉల్లిపాయ అసలు తగలనివ్వకు, రక్తం దెబ్బతింటుంది. లిల్లీ పూలు ఇంట్లో పెట్టొద్దు, కిడ్నీలు పోతాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క వేశారంటే ఒక్క మాత్రకే చచ్చిపోతుంది, అల్లుడు గారికి కూడా చెప్పు. పిల్లి దొడ్డికి వెళ్లే లిట్టర్ పెట్టె రోజూ శుభ్రం చేయాలి, నీ ఒంట్లో ఏదైనా విశేషమైతే ఆ పని ఆయనే చెయ్యాలి.

అన్నీ రాశాను గానీ, ఇప్పుడే తేవద్దు. ఎక్కడుంటారో తేలాక తెచ్చుకోండి.

కౌలు డబ్బులు ఈసారి వచ్చాయి, పెన్షన్‌లో మాకు ఖర్చేమీ లేదు. బ్యాంకులో ఊరికే ఉన్నాయి. మేనేజర్‌ని అడిగాను, విదేశానికి పంపడానికి ఫారం ఏదో ఉందట, తెచ్చి పెట్టాను. సంతకం ఒక్కటే చెయ్యాలి.

మీకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే మాకు ఆదివారం పొద్దున్న ఏడు. ఆ టైముకి మీ అమ్మ గుడికి వెళుతుంది, గంటదాకా రాదు. నేను ఒక్కణ్ణే ఉంటాను. వీడియో పెట్టకపోయినా ఫర్వాలేదు.

పిల్లలకి ముద్దులు. అల్లుడు గారికి ఆశీస్సులు, దోసెల పిండి పులిస్తే చెంచాడు చక్కెర కలపమను, విక్కీకి పులుపు పడదు.

నాన్న

తా.క.: పాప కుర్చీ పట్టుకుని నిలబడిన ఫొటో వెనక గోడ దగ్గర అట్టపెట్టెలు కనిపించాయి. టేపు వేసి ఉన్నాయి. బరువులు నువ్వు ఎత్తకు, నీ నడుము మంచిది కాదు.