పాచికలు కనబడితే జూదమేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మా ఇంట్లో పిల్లలు పాచికలు వేస్తుంటే, పొరుగింటి పెద్దాయన ‘జూదం నేర్పుతున్నారా?’ అని నిలదీశారు. మనసు చివుక్కుమంది. అది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట. ఆడేవాళ్లు తలా ఒక పాత్రగా మారి, అందరూ కలిసి ఓ కథ నడుపుతారు. అందులో పైసా పందెం లేదు.

పాత్రను తయారు చేసుకోవడమే అందులో సగం ఆనందం. నాలుగు పాచికలు వేసి, అన్నిటికంటే చిన్న అంకెను వదిలి, మిగతా మూడూ కూడతారు. ఇలా ఆరుసార్లు. ఆ మొత్తాలను బలం, చురుకుదనం, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణలకు పంచుకుంటారు. పదకొండేళ్ల మా పాపకు ఒకసారి 5 మాత్రమే వచ్చింది. దాన్ని బలానికి వేసుకుని, తన పాత్ర అయిన వైద్యురాలు చిన్ననాడు జబ్బుపడి బతికి బయటపడిందని కథ అల్లింది. కాగితం చిరిగేదాకా చెరిపి చెరిపి రాసింది.

మా ఇంటి నియమాలూ ఉన్నాయి. కింద పడిన పాచిక చెల్లదు. పాత్ర చనిపోయిన పిల్లను ఖాళీగా కూర్చోబెట్టకూడదు, వెంటనే మరో పాత్ర ఇవ్వాలి. ఈ రెండోది పిల్లలే గంటసేపు వాదించుకుని పెట్టుకున్నారు.

మీ పిల్లల పేజీలో ఈ ఆట గురించి ఒక్కసారి రాయండి.

– ఒక తల్లి, సికింద్రాబాద్