కార్లు మోసిన లారీల సంగతులు చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు

ముందు బెడ్‌ఫోర్డ్ లారీ, వెనక కారిమోర్ (బ్రిటన్‌లో ట్రైలర్లు కట్టిన కంపెనీ) రకం రెండంతస్తుల ట్రైలర్, దాని మీద కార్లు. చాలా కాలంగా చేయాలనుకుంటున్న ఈ స్కేల్ మోడల్ మొత్తానికి పూర్తయింది. ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి మెచ్చుకుంటూ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అందులో సగం పైగా మెప్పు వేరేవాళ్లకు దక్కాలి. వాళ్లెవరో, ఏం చేశారో చెప్పకుండా ఊరుకుంటే నాకు నిద్రపట్టదు.

బండి పైరూపం తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. 1957లో కోర్గీ అనే బొమ్మల కంపెనీ వాళ్లు బెడ్‌ఫోర్డ్ క్యాబ్‌తో కారిమోర్ ట్రాన్స్‌పోర్టర్ (కార్లు మోసే లారీ) బొమ్మ తెచ్చారు. 1968లో మరో బొమ్మల కంపెనీ డింకీ వాళ్లు ఏఈసీ లారీతో హోయ్‌నోర్ ట్రాన్స్‌పోర్టర్ తెచ్చారు. బొమ్మలు పోగుచేసేవాళ్ల దగ్గర అవి ఇప్పటికీ ఉన్నాయి. కానీ ముందుగా ఏ కారు ఎక్కించాలి, గొలుసు దేనికి తగిలించాలి, పై అంతస్తులో కారు ఆపాక డ్రైవర్ కిందికి ఎలా దిగాలి? ఇవి బొమ్మను ఎంత తిప్పి చూసినా తెలియవు. కార్ల మీద పుస్తకాలు కోకొల్లలు. ఆ కార్లను ఫ్యాక్టరీ నుంచి షోరూమ్ దాకా మోసిన లారీ మీద ఒక్క పేజీ దొరకడం గగనం. పాత ఫొటోల్లో కూడా అందరి కళ్లూ పైనున్న కొత్త కార్ల మీదే ఉంటాయి.

అందరికంటే ముందు ఒక పెద్దాయనకు దణ్ణం పెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఈ బండ్లే నడిపి రిటైరైన డ్రైవర్. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన యాస నాకు అర్థం కానప్పుడల్లా వాళ్ల మనవరాలు ఓపిగ్గా అదంతా టైపు చేసి పంపింది. ఆ అమ్మాయికి కూడా ఎంతో రుణపడి ఉన్నాను.

పనిలో చేరిన కొత్తలో ఆయన చేతికి లారీ ఇవ్వలేదట. ఒక్కో కొత్త కారుకూ ట్రేడ్ ప్లేట్లు (ఇంకా రిజిస్టర్ కాని కార్లకు తాత్కాలికంగా కట్టే నంబర్ ప్లేట్లు) కట్టుకుని, స్వయంగా నడుపుకుంటూ వెళ్లి డీలర్‌కు అప్పగించడమే పని. తిరుగు ప్రయాణానికి ఆ ప్లేట్లు విప్పి చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడేవారు. అటుగా వెళ్లే లారీవాళ్లు ప్లేట్లు చూసి, మనవాడే అని ఆపి ఎక్కించుకునేవాళ్లు. డబ్బు మాట ఉండేది కాదు. కబుర్లు చెబుతూ కూర్చుంటే చాలు. ఇది చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో ఎంత సంతోషమో!

తర్వాత ట్రాన్స్‌పోర్టర్ చేతికొచ్చింది. ఆయన నడిపిన ట్రైలర్‌కు పై అంతస్తు వెనక కొస కిందికి దిగేది, అదే ర్యాంప్. చక్రాలు ఆనడానికి రెండు ఇనుప దారులు, మధ్యలో ఖాళీ. వాన పడితే ఆ ఇనుము జారేది. కారు ఎక్కించి ఆపాక తలుపు పూర్తిగా తెరుచుకోదు, పక్కనే నిలువు కమ్మీ అడ్డం. ఆ సందులోంచే ఒళ్లు దగ్గరికి ముడుచుకుని బయటికి వచ్చి, అంచు పట్టుకుని దిగాలి. అప్పట్లో పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా లేదు. పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్న తోటివాళ్లను తలుచుకుని ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు.

ఆయన పంపిన ఫొటోలో ఒకటి గమనించాను. నడుం బెల్టు బకిల్ పొట్ట మీద లేదు, పక్కకు తిప్పి ఉంది. ఎందుకని అడిగాను. కారుకూ కమ్మీకీ మధ్య నడిచేటప్పుడు బకిల్ తగిలితే పెయింట్ మీద గీత పడుతుందట. ఆ గీత పడిందంటే డీలర్ కారు తీసుకోడు. పనికి వెళ్లేముందు ఉంగరం కూడా తీసి ఇంట్లో పెట్టేవారట. నా మోడల్లో ర్యాంప్ పక్కన నిలబడ్డ చిన్న మనిషి బెల్టు చూడండి, బకిల్ పక్కకే ఉంటుంది. మొత్తం మోడల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే.

కార్లు ఎక్కించే వరుస అర్థమయింది ఇంకొకరి వల్ల. ఆవిడ భర్త కూడా ఇదే పని చేసి కాలం చేశారు. ఆయన డైరీలు ఆవిడ ఇన్నేళ్లూ దాచుకున్నారు. ప్రతి లోడుకూ పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీసుకున్నారాయన: ఏ కారు పైన, ఏది కింద, ఏది వెనక్కి తిరిగి ఉండాలి, ఏది ఎక్కడ దిగాలి. చివర దిగాల్సింది ముందు ఎక్కాలి. ఒక కారు బానెట్ పల్లంగా ఉంటే పైకారు వెనక భాగం దాని మీదికి వచ్చేలా సర్దుకోవాలి. ఇదంతా బుర్రలో లెక్కేసుకుని గాని ఇంజన్ స్టార్ట్ చేసేవారు కాదు. ఇంటిల్లిపాదికీ అపురూపమైన ఆ పేజీల్ని ముక్కూముఖం తెలియని నాకు ఫొటోలు తీసి పంపారావిడ. అమ్మా, మీ మేలు మరువలేను.

కంపెనీల వివరాలు సర్దిపెట్టింది పాత లారీ ఫొటోలు సేకరించే ఒక స్నేహితుడు. ఫోర్డ్ కార్లు మోసిన సిల్‌కాక్ అండ్ కాలింగ్ బండ్ల ఫొటోలు ఆయన స్కాన్ చేసి ఇచ్చినవే. టోల్‌మన్ వాళ్ల సంగతి కూడా ఆయనే చెప్పారు. 1926లో ఫోర్డ్ బండ్లు చేరవేయడంతో మొదలైన కుటుంబ వ్యాపారం అది. ఆ ఇంటి పేరుతోనే 1981 నుంచి 1985 దాకా ఫార్ములా వన్ కార్ రేసింగ్ జట్టు నడిచింది. బ్రెజిల్ రేసర్ అయర్టన్ సెన్నా ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది ఆ జట్టులోనే, 1984లో. ఆ ఏడాది మొనాకోలో కుంభవృష్టిలో రెండో స్థానంలో నిలిచాడు. ఇది తెలిసిన రోజు ఒళ్లు పులకరించింది. సెన్నా అభిమానుల్లో ఈ కార్ ట్రాన్స్‌పోర్టర్ల మూలం ఎందరికి గుర్తుంటుంది?

అసలు మొదటి బండి ఎవరిదని అడిగితే లైబ్రరీలో పనిచేసే ఒకావిడ అలెగ్జాండర్ వింటన్ గురించి వెతికిపెట్టారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కార్లు తయారుచేసి అమ్మినాయన. దూరాన ఉన్న కొనుగోలుదారుకు కారు నడిపించి పంపితే అది అరిగి, మాసి చేరుతుందని, 1898-99 ప్రాంతంలో ఒక కారు వెనక బండి తగిలించి, దాని మీద ఇంకో కారు ఎక్కించి పంపించాడు. మోసింది ఒక్క కారునే. అయినా ఈ కథంతా అక్కడినుంచే.

ఇక ఇప్పటి బండ్లు. యూరప్‌లో ట్రాన్స్‌పోర్టర్ నడిపే ఒక తెలుగు తమ్ముడు, డ్యూటీ దిగాక అలసిపోయి కూడా నాకోసం వీడియోలు తీశాడు. ఫ్రాన్స్‌లో లోర్, ఇటలీలో రోల్ఫో లాంటి కంపెనీలు ఇప్పుడు కట్టే బండ్లలో ప్రతి డెక్కూ (కార్లు నిలిపే అంతస్తు) హైడ్రాలిక్స్ మీద విడిగా లేస్తుంది, వాలుతుంది. గొలుసుల బదులు టైరు మీదుగా బెల్టు వేసి రాచెట్‌తో (వెనక్కి జారకుండా బిగించే పళ్ల మీటతో) బిగిస్తారు. పక్కన పట్టుకోవడానికి ఇనుప తాడు ఉంటుంది. అది చూడగానే నాకు పెద్దాయన మాటలే గుర్తొచ్చాయి.

అంతమాత్రాన పని తేలికైపోయిందనుకోకండి. అక్కడ ఎత్తు పరిమితి మామూలుగా 4 మీటర్లు, ట్రైలర్‌తో కలిపి పొడవు 18.75 మీటర్లు. లోడు పూర్తయ్యాక తమ్ముడు కొలకర్రతో అత్యంత ఎత్తైన కారు పైకప్పు కొలుస్తాడు. కాస్త ఎక్కువగా ఉంటే ఆ డెక్కు ఇంకొంచెం దించి, మళ్లీ కొలుస్తాడు. ముందు వంతెన ఉందంటే ఎన్నిసార్లు వెళ్లిన దారైనా టెన్షనే అన్నాడు. ఎలక్ట్రిక్ కార్లు, ఎస్‌యూవీలు వచ్చాక బరువు లెక్క మరో తలనొప్పి. పైన చోటున్నా బరువు దాటిపోతుందని ఒక కారు వదిలేసి రావాల్సిన రోజులున్నాయట. తమ్ముడూ, నీ నిద్ర మానుకుని చెప్పావు, చల్లగా ఉండు.

పెద్దాయనకు మోడల్ ఫొటోలు పెద్ద సైజులో ప్రింట్ తీయించి పోస్టులో పంపాను. డైరీలు ఇచ్చిన అమ్మగారికి ఆ పెన్సిల్ బొమ్మలన్నీ శుభ్రంగా స్కాన్ చేసి ఒక పుస్తకంలా కుట్టించి పంపుతున్నాను, వాళ్ల పిల్లలకు ఉంటుందని. ఫొటోలు అడిగినవాళ్లకు, అవి ఎవరివో వాళ్ల అనుమతి తీసుకుని ఇస్తాను. మీ ఇళ్లలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే, లోడింగ్ కాగితమో, యూనిఫాం బ్యాడ్జీయో, ఒక్క పాత ఫొటోయో దొరికితే దయచేసి పారేయకండి. నాకు ఒక మెసేజ్ పెట్టండి, కాపీ తీసుకుని భద్రంగా తిరిగి పంపిస్తాను. సాయం చేసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా నా కృతజ్ఞతలు.