17 మందిలోంచి అయిదుగురిలోకి

చిన్నతల్లీ,

జాజ్ క్వింటెట్‌లో, అంటే అయిదుగురి బ్యాండ్‌లో, చేరావని తెలిసి చాలా సంతోషించాను. ఇన్నాళ్లూ బిగ్ బ్యాండ్‌లో పియానో వాయించావు కదా, ఇదీ అదే, మనుషులు తక్కువ అంతే అనుకోకు. అక్కడ 17 మంది: 5 శాక్సఫోన్లు, 4 ట్రంపెట్లు, 4 ట్రాంబోన్లు, రిథమ్ సెక్షన్ (పియానో, గిటార్, బేస్, డ్రమ్స్) నలుగురు. అంతమంది ఒకరికొకరు అడ్డం పడకుండా ఎవరెప్పుడు వాయించాలో, ఎవరెప్పుడు ఊరుకోవాలో అరేంజర్ ముందే రాసిపెడతాడు. ఇక్కడ మీ ముందుండేది లీడ్ షీట్ ఒక్కటే: మెలొడీ, దాని పైన కార్డుల (కలిపి మోగించే స్వరాల) పేర్లు. మిగతాదంతా వాయిస్తూనే తేల్చుకోవాలి. అరేంజర్ పని ఇప్పుడు మీ చెవులది.

ముందు నీ ఎడమచెయ్యి. కార్డు మూలస్వరం బేసిస్టుది. నువ్వూ దాన్నే కింద మోగిస్తే అడుగంతా మొద్దుబారిపోయి బేస్ నడక వినపడదు. దాన్ని వదిలెయ్. డీ మైనర్ సెవెన్‌కి ఎఫ్, ఏ, సీ, ఈ పట్టుకో. ఎఫ్ మధ్య సీ కంటే కిందది. జీ సెవెన్‌కి సీ మీదున్న వేలొక్కటే బీ మీదికి జరుగుతుంది, మిగతా మూడూ కదలవు. అక్కణ్ణుంచి సీ మేజర్‌కి బీ అలాగే ఉంచి, మిగతా మూడు వేళ్లూ పక్కనున్న తెల్లమెట్టుకి దించు: ఈ, జీ, బీ, డీ. ఈ మూడు పట్లూ పన్నెండు శ్రుతుల్లోనూ చెయ్యి చూసుకోకుండా పడేదాకా వాయించు.

పట్టు కుదిరాక, దాన్ని ఎప్పుడు వెయ్యకూడదో నేర్చుకోవాలి. వెనకాల ట్రంపెట్లూ ట్రాంబోన్లూ లేవు కదా అని ఆ ఖాళీ అంతా నువ్వు నింపబోతే సోలో వాయించేవాళ్లకి చోటుండదు. వాళ్లు ఊపిరి తీసుకునే చోట నీ కార్డు పడాలి. దీనికి రెండు బ్యాండ్లు దగ్గరపెట్టుకుని విను. 1935 నాటి బెన్నీ గుడ్‌మన్ ట్రియోలో బేస్ లేదు, పియానిస్టు టెడ్డీ విల్సన్ ఎడమచెయ్యే ఆ పని చేసింది. 1952 నాటి జెర్రీ మలిగన్ క్వార్టెట్‌లో అసలు పియానోయే లేదు. ఆ రెండోది నీకు ఎక్కువ అవసరం: పియానో లేకపోయినా ఏయే చోట్ల వెలితి తెలియలేదో గుర్తుపెట్టుకుని, నీ బ్యాండ్‌లో ఆ చోట్ల చేతులు ఒళ్లో పెట్టుకో.

చిన్న బ్యాండ్‌లో ఎక్కువగా జరిగే ప్రమాదం దారి తప్పడం. 32 బార్ల (నాలుగేసి దెబ్బల కొలతల) పాటలో నాలుగు భాగాలు: ఏ, ఏ, బ్రిడ్జ్, ఏ. ఏ అంటే మళ్లీ మళ్లీ వచ్చే ముఖ్య భాగం, బ్రిడ్జ్ అంటే మధ్యలో వచ్చే వేరే భాగం, ఒక్కోటి 8 బార్లు. మొత్తం పాట ఒకసారి వాయిస్తే ఒక చుట్టు. ఒక చుట్టు చివరి ఏ, తర్వాతి చుట్టులోని రెండు ఏ లూ కలిస్తే వరసగా మూడు. అక్కడే లెక్క తప్పి ఎవరో ఒకరు 8 బార్లు ముందే బ్రిడ్జ్‌లోకి దూకేస్తారు. అందుకని బ్రిడ్జ్ మొదటి కార్డుని మొదటి దెబ్బమీదే, ఏ అలంకారమూ లేకుండా వెయ్యి. అప్పటికీ సోలోయిస్టు ముందే దూకేస్తే వాదనకి దిగకు, అందరూ అతనితో వెళ్లిపోండి. ఎవరు తప్పారన్నది రిహార్సల్లో మాట్లాడుకోవచ్చు.

సోలోల నిడివి కూడా ముందే అనుకోండి. నిమిషానికి 160 దెబ్బల టెంపోలో 32 బార్ల చుట్టుకి 48 సెకన్లు. అయిదుగురూ తలా మూడు చుట్లు తీసుకుంటే సోలోలకే 12 నిమిషాలు, వినేవాళ్లకది చాలా ఎక్కువ. హార్న్‌లకి (ఊదే వాద్యాలకి) రెండేసి, నీకొకటి, ఆ తర్వాత డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు మార్చుకుంటూ ఒక చుట్టు చాలు. నాలుగు వేళ్లు చూపిస్తే ఆ మార్పిడి మొదలు, తలమీద చెయ్యి పెడితే మళ్లీ మెలొడీకి రావాలి. బేస్ సోలోలో డ్రమ్మర్ తగ్గుతాడు, నువ్వు బార్‌కి ఒక్క కార్డుకి మించి వెయ్యకు.

ముగింపు ఎలాగో ముందే మాట్లాడుకోకుండా మాత్రం పాట మొదలుపెట్టొద్దు. చివరి 4 బార్లు మూడుసార్లు వాయించి ఆపడం అన్నిటికంటే తేలిక. మూడోసారి అందరూ నీ తలవైపే చూస్తారు, నువ్వు స్పష్టంగా ఊపాలి.

ప్రేమతో,
అమ్మ