మంగళవారం మార్నింగ్ షో

రాజమండ్రి,
12-5-2025

చిట్టితల్లీ,

ఎప్పుడు ఫోన్ చేసినా “మీటింగులో ఉన్నా నాన్నా” అని పెట్టేస్తున్నావు. ఉత్తరానికైతే మీటింగు అడ్డం రాదని రాస్తున్నా. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు ఎప్పటిలాగే. ఆవకాయ పెట్టాం, ఈసారి కాయ పులుపు బాగుంది. నీ సీసా బుజ్జిగాడి చేత పంపిస్తా.

బుజ్జి అంటే గుర్తొచ్చింది. పోయిన మంగళవారం పొద్దున్న పదకొండింటికి హైదరాబాద్‌లో, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఓ సినిమా హాలు గేటు దగ్గర నిన్ను చూశాడట. ఒక్కదానివే ఉన్నావట. నేను నమ్మలేదులే. వాడికి దూరం చూపు ఆనదు కదా.

మన హాలు సంగతి చెబుతా. మొన్న శుక్రవారం ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్ళీ వేశారు. 35 ఏళ్ళయిందని త్రీడీ కూడా చేశారు కానీ మన దగ్గర మామూలుదే. కుర్రాళ్ళు కాయితాలు చింపి ఎగరేశారు, ఊడ్చింది పాపం కొండమ్మ. 1990 మే 9న ఈ సినిమా విడుదలైన రోజే తుపాను తీరం దాటింది. నేల క్లాసులోకి నీళ్ళొచ్చాయి. అయినా జనం లేవలేదు, కాళ్ళు బెంచీల మీద పెట్టుకుని చూశారు. పైన నేను జనరేటర్‌కి దణ్ణాలు పెట్టుకుంటూ ఆడించాను.

ఇప్పుడు వెళితే ఆపరేటర్ గదిలో మర్యాదగా కుర్చీ వేస్తారు. ఆ కుర్రాడు కంప్యూటర్‌లో ఏదో నొక్కి, ఇక సినిమా అయ్యేదాకా ఫోన్ చూసుకుంటాడు. మాకు ఇరవై నిమిషాలకో రీలు. తెర కుడివైపు పై మూలన చుక్క పడగానే రెండో మిషన్ అందుకోవాలి. ఇప్పుడు చుక్కల్లేకపోయినా నా కన్ను ఆ మూలకే పోతుంది. శ్రీదేవిని కూడా నిండుగా చూసింది లేదు!

ఇంతకీ మీకు మంగళవారం సెలవు ఇస్తున్నారా? ఊరికే అడిగాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. 2011లో హాల్లో డిజిటల్ మిషన్ పెట్టారు. రీళ్ళ డబ్బాలు రావడం ఆగిపోయింది. ఇద్దరు ఆపరేటర్లెందుకు, ఒకడు చాలన్నారు. ఆ ఒకడు నేను కాదు. నువ్వప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. రోజూ లాగే అమ్మ క్యారేజీ కట్టేది, నేను సైకిలెక్కేవాణ్ణి. ఎక్కడికి పోతాను? నాకు తెలిసినవి సినిమా హాళ్ళే. మన హాలు తప్ప ఊళ్ళో ఏ హాలైనా సరే, మార్నింగ్ షోకి వెళ్ళి వెనకాల కూర్చునేవాణ్ణి. ఆట వదిలాక పుష్కరాల రేవులో క్యారేజీ విప్పేవాణ్ణి. పప్పన్నం సగం కాకులకే. సాయంత్రం దాకా గౌతమీ గ్రంథాలయంలో పేపర్లు తిరగేసి, చీకటి పడ్డాక ఇంటికి. ఇలా పద్దెనిమిది రోజులు. మార్నింగ్ షోలో నాలాంటి వాళ్ళు ఇంకో ముగ్గురు నలుగురు కనిపించేవారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం కాదు.

అమ్మ చొక్కా ఉతుకుతుంటే జేబులో టికెట్ ముక్కలు దొరికాయట. సొంత హాలున్నవాడు టికెట్ కొనడమేమిటి? ఒక్క మాట అడగలేదు. మర్నాడు క్యారేజీలో ఓ గిన్నె ఎక్కువ పెట్టి, చీర మార్చుకుని, “ఇవాళ ఏ హాలు?” అంది. సైకిల్ వెనకాల కూర్చుని వచ్చింది. ఆ సినిమా పరమ చెత్త. ఇంటర్వెల్‌లో నేను ఏడుస్తుంటే మరమరాల పొట్లం చేతిలో పెట్టి, “ఇంతేనా?” అంది. ఆ వారమే మా బావ దగ్గరికి పంపింది, ఆ కొత్త మిషన్ సంగతి నేర్చుకోమని.

అదీ సంగతి. నీకూ అలాగే జరిగిందని కాదు. ఆఫీసులో షిఫ్టు మారిందేమో, ఒంట్లో బాగోలేక సెలవు పెట్టావేమో. కానీ ఒకవేళ ఏమైనా అయితే పీఎఫ్ డబ్బు ముట్టుకోకు. క్రెడిట్ కార్డు గీకేసి తర్వాత టెన్షన్ పడకు. పొద్దున్న ఏదో ఒకటి తిను, ఖాళీ కడుపుతో ఏసీలో కూర్చుంటే పార్శ్వనొప్పి మళ్ళీ తిరగబెడుతుంది. రాజీనామా కాయితం మీద వాళ్ళు తొందరపెట్టారని సంతకం చెయ్యకు, శేషుబాబాయికి ఒకసారి చూపించు. చెప్పకూడదనుకుంటూనే ఇంత చెప్పాను.

బుజ్జి చేత ఆవకాయ పంపడం ఎందుకులే, వాడు దారిలో నూనె ఒలకబోస్తాడు. వచ్చే సోమవారం రాత్రి గౌతమికి వెయిటింగ్ లిస్టులో టికెట్ తీశాను. మంగళవారం తెల్లారేసరికి దిగుతాను. అమ్మకి బావ వాళ్ళింట్లో పనుందని చెప్పాను. నమ్మలేదు. అడక్కుండానే క్యారేజీ గిన్నెలు తోమి బయట పెట్టింది.

స్టేషనుకి రానక్కర్లేదు, నిద్రపో. ఏ హాలో ఒక్క మెసేజ్ పెట్టు చాలు.

నాన్న

తా.క. సీసా మూత కింద ప్లాస్టిక్ కవరు ఉంటుంది, తీసెయ్యకు. తడి చెంచా పెట్టకు.