మాజీ సైనికుల పోస్టులు మురిగిపోనివ్వకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పదిహేడేళ్లు సైన్యంలో చేసి, ముప్ఫై ఆరేళ్ల వయసులో హవల్దారుగా ఇంటికొచ్చాను. అప్పటికి మా పెద్దమ్మాయి ఆరో తరగతి. "పెన్షన్ వస్తుంది కదా" అంటారు చూసినవాళ్లు. ఇంటి అద్దె, స్కూలు ఫీజులు కట్టాక అందులో మిగిలేదెంతో ఇల్లు నడిపేవాళ్లకే తెలుసు.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో, అంటే గుమస్తాల వంటి కింది స్థాయి పోస్టుల్లో, మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. తక్కువేం కాదు. కానీ అర్హులు దొరకలేదంటే ఆ పోస్టుల్ని మిగతా అభ్యర్థులతో నింపేస్తారు, తర్వాతి నోటిఫికేషన్‌కు కలపరు. మా పేరున ఉన్న ఉద్యోగం అక్కడితో మురిగిపోయినట్టే.

అర్హులు ఎందుకు దొరకరో నేను కళ్లారా చూశాను. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లను, డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు కూడా అర్హులుగా తీసుకోవచ్చని 1979 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. సాంకేతిక అనుభవం తప్పనిసరైన పోస్టులకు మాత్రం ఇది వర్తించదు. రాత పరీక్ష పాసై సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్తే, కౌంటర్‌లో కూర్చున్నాయన నా డిశ్చార్జి బుక్ అటూ ఇటూ తిప్పి, "డిగ్రీ మార్కుల లిస్టు ఏదండీ?" అన్నారు. రూలు ప్రింటు తీసి చూపించాను. "మాకు పైనుంచి ఏమీ రాలేదు" అని నా ఫైలు పక్కన పెట్టేశారు. మూడు వారాలకు తిరస్కరించినట్టు మెసేజ్ వచ్చింది. సరిహద్దులో రాత్రి డ్యూటీ దిగి, టార్చిలైటు వెలుగులో రీజనింగ్ లెక్కలు చేసుకున్న రోజులు ఆ ఒక్క మెసేజ్‌తో పోయాయి.

ఈ నిబంధనను ప్రతి నోటిఫికేషన్‌లో అందరికీ అర్థమయ్యేలా వేయాలి. పరిశీలన చేసే సిబ్బందికి ముందే చెప్పాలి. ఖాళీగా మిగిలిన పోస్టుల్ని కనీసం ఒక్కసారైనా తర్వాతి నియామకానికి కలపాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్ అనే నాలుగేళ్ల సైనిక నియామక పథకం కింద చేరినవాళ్లలో నూటికి 75 మంది నాలుగేళ్లకే, పెన్షన్ కూడా లేకుండా బయటికొస్తారు. పదిహేనేళ్ల సర్వీసు అనే మాటే వాళ్లకు వర్తించదు. వాళ్ల సంగతి ఇప్పుడే తేల్చాలి.

మా పక్కనే ఉన్న మిలటరీ మాధవరం తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపిన ఊరు. అక్కడి కుర్రాళ్లు సెలవు మీద వచ్చినప్పుడు "బాబాయ్, దిగాక మా సంగతేంటి?" అని నన్ను అడుగుతుంటారు. ఆ నిబంధన జెరాక్సు తలా ఒకటి ఇచ్చి, పరిశీలనకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమంటున్నాను.

— ఒక మాజీ హవల్దారు,
తాడేపల్లిగూడెం