ఎర లేని గాలం

ఆస్టిన్, జూన్ 8

నాయనకు,

మేమంతా బాగున్నాం. అమ్మను మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగితే ఫోన్లో "బాగుంది" అని ఒక్క మాటతో సరిపెడుతుంది. నువ్వైనా నిజం చెప్పు. ఇక్కడ పొద్దున పది కాకముందే ఎండ మాడుస్తోంది. కర్నూలు ఎండల్లో పుట్టి పెరిగినదాన్నే అయినా నాకూ కష్టంగానే ఉంది.

పిల్లలిద్దరికీ చేపలు పట్టడం నేర్పిస్తున్నాను నాయనా. ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే తేలిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంటి దగ్గర పార్కులో చిన్న చెరువుంది. చుట్టూ నడిచేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, బాతులు. ఆ నీళ్లలో చేపలుంటాయని నేను అనుకోలేదు. ఒకరోజు ఒక పెద్దాయన ఒడ్డున నిలబడి పొడుగాటి సన్న కర్రతో దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే చిన్నోడు కదలకుండా చూస్తూ నిలబడిపోయాడు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఫ్లై అంటే ఈగ. వానపాము లేదు, పిండిముద్ద లేదు. చిన్న గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులా కనిపించేట్టు చేస్తారు. ఈకతో ఈగ అన్నమాట. మన గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుంది కదా, ఇందులో దారానికే బరువుంటుంది. ఈగకు బరువే ఉండదు. దారం గాల్లో చాచుకుంటూ పోయి ఈగను మోసుకుపోతుంది.

చల్లటి కొండ ఏళ్లలో ట్రౌట్ అనే చేప కోసం చేసే పని ఇది అని చాలామంది అనుకుంటారు. ఇక్కడి ఊరి చెరువుల్లో కూడా చలికాలంలో ట్రౌట్ వదులుతారు గానీ అది టెక్సస్ ఎండాకాలాన్ని తట్టుకోలేదు. వేడి నీళ్లలో హాయిగా బతికేది బ్లూగిల్. అరచేతిలో పట్టేంత ఉంటుంది, పలచగా, పొట్ట నారింజ రంగులో, మొప్ప చివర నల్లటి మచ్చతో. పిల్లలకు ఇంతకంటే మంచి చేప లేదంటాను. ఏ చిన్న పురుగు కదిలినా వచ్చి అందుకుంటుంది. గంటసేపు ఎదురుచూసే ఓపిక ఆరేళ్లవాడికి ఎక్కడిది? రెండు నిమిషాలకొకసారి దారం వణికితే చాలు, వాడు ఆ పూటంతా అక్కడే ఉంటాడు.

మొదటి రోజు మాత్రం ఏడుపే. ఇద్దరికీ రెండు కర్రలిచ్చి నేనూ ఒకటి పట్టుకున్నాను. వాడి దారం చెట్టుకొమ్మలో, దీని దారం గడ్డిలో, నా గాలం నా టోపీలోనే. టోపీ లేకపోతే ఏమయ్యేదో. అప్పట్నుంచి ముగ్గురం కళ్లద్దాలు, టోపీలు లేకుండా గాలం ముట్టం. ప్రతి గాలానికీ వెనక్కి తిరిగిన ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాను. వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది, చేప నోరూ చీరుకుపోదు. వెనక మనుషులు నడుస్తుంటారు కాబట్టి వెనక్కి విసరడమే మానేశాం. దారాన్ని నీళ్ల మీద మెల్లగా దగ్గరికి లాగి, కర్రను చెవి పక్కకు ఎత్తి, ఒక్క క్షణం ఆగి ముందుకు దించితే దారం చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. ఆ ఒక్క క్షణం ఆగడమే పిల్లలకు కష్టం. పెద్దదానికి వారంలో వచ్చేసింది. పదిహేడేళ్లలోపు పిల్లలకు ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు, నేను మాత్రం తీసుకున్నాను.

పట్టిన చేపను వదిలేస్తాం. నీకు నచ్చదని తెలుసు, జేజి ఉండి ఉంటే తిట్టేది కూడా. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, పెనుగులాడిన చేప తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకే చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. ఫోటో కోసం గట్టు మీద పెట్టకూడదు. ఎండ ఎక్కకముందే ఇంటికొచ్చేస్తాం.

పోయిన నెల ఒడ్డు దగ్గర లోతులేని చోట ఇసుకలో గుండ్రటి గుంటలు కనిపించాయి, పక్కపక్కనే పళ్లేలు పరిచినట్టు. అవి బ్లూగిల్ గూళ్లు. మగచేప తోకతో ఊడ్చి గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగదే కాపలా కాస్తూ, తోకా రెక్కలూ ఆడిస్తూ గుడ్లకు గాలి తగిలేట్టు చేస్తుంది. ఆ సమయంలో దాన్ని పట్టడం చాలా సులువు, దగ్గరికొచ్చిన ప్రతిదాని మీదికీ దూకుతుంది. పెద్దది కర్ర ఎత్తి మళ్లీ దించేసింది. "అమ్మా, వాళ్ల నాన్నను బయటికి లాగితే ఈలోపు గుడ్లు వేరే చేపలు తినేస్తాయి కదా" అంది. ఆ రోజు ఇంకెక్కడా గాలం వేయలేదు. ముగ్గురం బోర్లా పడుకుని చూశాం.

అప్పుడే నాకు కేసీ కాలువ గట్టు గుర్తొచ్చింది నాయనా. వినాయక ఘాట్ దాటాక, తుమ్మచెట్ల కింద. సైకిల్ ముందు కడ్డీ మీద నేను, వెనక తమ్ముడు. ఆడపిల్లకు గాలమేందని జేజి అరుస్తున్నా తీసుకుపోయేవాడివి. పడవలు నడపడానికి కూడా ఈ కాలువ తవ్వారని నువ్వు చెబితే, పడవ ఎప్పుడొస్తుందని తమ్ముడు దారి చూస్తూ కూర్చునేవాడు. నెమలి ఈక కాడతో నువ్వు చేసిన బెండు నీళ్ల మీద నిలబడి ఊగడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఇన్నేళ్లూ నువ్వు మాతో కలిసి చేపలు పట్టావనే అనుకున్నాను. ఇక్కడ రెండు గంటలు చిక్కులు విప్పి, కొమ్మల్లోంచి గాలాలు పీకి, నా కర్ర విప్పకుండానే ఇంటికొచ్చిన రోజున తెలిసింది. ఆ గట్టు మీద నీ గాలం నీళ్లలో పడటం నేను చూసిందే లేదు. నీ ఆదివారాలన్నీ మా దారాలు విప్పడానికే అయిపోయాయి.

2009 వరదలో మన ఇంట్లోకి నీళ్లొచ్చి పోయిన వస్తువుల్లో నీ వెదురు కర్ర కూడా ఉంది. బీరువా గురించి, నా సర్టిఫికెట్ల గురించి ఏడ్చాం గానీ దాని గురించి ఎవరం అడగలేదు. నువ్వు మళ్లీ కొనుక్కోనూ లేదు.

డిసెంబరులో మూడు వారాలు ఉంటాం. నాలుగు ముక్కలుగా విడిపోయే కర్ర ఒకటి నీకోసం తీసి పెట్టాను, సూట్‌కేసులో పడుతుంది. కాలువలో నీళ్లుంటే అక్కడికే పోదాం, లేకపోతే సుంకేసుల ఆనకట్ట దగ్గరికి. విసరడం పెద్దది నీకు నేర్పిస్తుందట, ఇప్పట్నుంచే చెబుతోంది. ఆ రోజు గాలం వేసేది నువ్వు. చిక్కులు నేను విప్పుతాను.

ఇంకో మాట. ఈగలు కట్టడానికి పుంజు మెడ మీది సన్న ఈకలు కావాలి. ఇక్కడి షాపులో కొన్న ప్యాకెట్ మీద చూస్తే ఇండియా నుంచి వచ్చినవే. నాటుకోడి తెచ్చినప్పుడు మెడ ఈకలు పారేయొద్దని అమ్మకు చెప్పు. కడిగి నీడలో ఆరబెట్టి దాచండి. ఎర్రవీ నల్లవీ విడివిడిగా పెట్టమన్నాడు చిన్నోడు.

నీ కూతురు